అరగంట ముందు

“ఫోను ఎత్తొద్దమ్మా,” అంది పాప, గదిలోంచి బయటికి రాకుండానే.

తల్లి చెయ్యి అప్పటికే సగం దూరం వెళ్లింది. దాన్ని వెనక్కి తీసుకోవడం చిన్నతనంగా తోచి, ఫోను మీద లేని దుమ్మును అరచేత్తో తుడిచింది. గంట మోగి మోగి, విసిగిపోయినట్టు ఆగింది.

“ఎవరో ఏమో. ఎవరికేం వచ్చిందో,” అని గొణిగింది.

“ఎవరికేం వచ్చినా క్లినిక్కుకి చేస్తారు. అందరికీ ఆ నంబరే ఇచ్చాం.”

కిందటి వారం గొడవ తర్వాత ఆ ఇంట్లో మాటలు ఇలాగే పొట్టిగా వచ్చి తెగిపోతున్నాయి. అరుచుకున్నా బాగుండును. అరుపుల్లో మనిషి దగ్గరగా ఉంటుంది. ఇప్పుడు పాప కంచం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి తింటోంది. తలుపు చప్పుడు కాకుండా వేసుకుంటోంది. అలా మెత్తగా వేసిన తలుపు తల్లికి చెంపదెబ్బలా తగులుతోంది.

ముప్పై దాటిన మనిషిని ఇంకా పాప అని పిలిచేది లోకంలో ఈమె ఒక్కతే. బయట ఆమె ఫిజియో మేడమ్. తుంటి విరిగినవాళ్లని, పక్షవాతం వచ్చినవాళ్లని, మోకాళ్లు మార్పించుకున్నవాళ్లని ఇళ్లకు వెళ్లి మళ్లీ నడిపించే పని. ఎప్పుడు రావాలో వాళ్లు ఇంటికి ఫోను చేసి చెప్పేవారు. తల్లి విని, మనసులో పెట్టుకుని, పాప కాళ్లు కడుక్కుని కూర్చోగానే అప్పజెప్పేది. రాసుకునే అలవాటు లేదు. చదువు ఏడో క్లాసుతోనే ఆగింది. రాస్తే అక్షరాలు తప్పుతాయని సిగ్గు. రోజంతా ఆ ఫోనే ఆమెకు తోడు. మోకాలి నొప్పులూ, కోడళ్ల మీద చాడీలూ, నిద్ర పట్టని కష్టాలూ అన్నీ ఆ తీగ మీదుగానే వచ్చి ఆమె ఒళ్లో వాలేవి.

తప్పు ఎక్కడ జరిగిందో ఇద్దరికీ తెలుసు.

తల్లికి భయం పుట్టుకతో వచ్చింది. పాప ఆలస్యంగా వెళ్తే పేషెంటు కసురుకుంటాడని, క్లినిక్కులో మాట పడుతుందని, ఆ కంగారులో అటూ ఇటూ చూడకుండా రోడ్డు దాటుతుందని, దాటుతూ ఉండగా ఏ లారీయో వస్తుందని. అంతదాకా ఊహించుకుంటే గాని ఆమెకు ఊపిరాడదు. అందుకని మొదట్నుంచీ ప్రతి టైమునూ ఒక అరగంట ముందుకు జరిపి చెప్పేది. ఐదంటే నాలుగున్నర. పదంటే తొమ్మిదిన్నర.

పాప త్వరలోనే కనిపెట్టింది. తాళం వేసిన గేట్ల ముందు నిలబడి నిలబడి కనిపెట్టింది. అమ్మని నొప్పించడం ఎందుకని ఏమీ అనలేదు. అమ్మ ఎంత చెబితే దానికి అరగంట కలుపుకుని బయల్దేరడం అలవాటు చేసుకుంది. ఒకరు తీసేవారు, ఒకరు కలిపేవారు. ఆ సంగతి ఒకరికొకరు చెప్పుకోలేదు. ఏళ్ల తరబడి పని సాఫీగా సాగింది.

రైలు మాస్టారి దగ్గర బెడిసింది. ఆయన స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. తుంటి విరిగి, పాప చెయ్యి పట్టుకుని అప్పుడప్పుడే నాలుగడుగులు వేస్తున్నారు. ఆ రోజు ఆయన భార్య ఫోను చేసి, ఇవాళ ఐదింటికి రమ్మనండి, అంతకంటే ముందు మాత్రం వద్దు అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. బయట వాన పట్టి ఉంది. ముందే వెళ్తే పిల్ల గేటు దగ్గర తడుస్తుందని తల్లికి జాలేసింది. ఆ ఒక్క రోజూ ఉన్న టైము ఉన్నట్టు చెప్పింది.

పాప ఎప్పట్లాగే అరగంట కలుపుకుంది. వెళ్లేసరికి రైలు మాస్టారు గచ్చు మీద పడి ఉన్నారు. పక్కన ఆయన భార్య చేతకాక కూర్చుని ఉంది. టైముకి రాకపోతే తానే లేవబోయారని, పడిపోయారని ఆవిడ అంది. అతుక్కుంటున్న తుంటి మళ్లీ విరిగింది.

“నువ్వు ఉన్న టైము ఉన్నట్టు చెప్తావని నేనెలా అనుకుంటానమ్మా?” అని పాప ఆ రాత్రి అడిగింది.

రేపు క్లినిక్కులో పెద్ద డాక్టరు ముందు మాస్టారి కొడుకు కూర్చుంటాడు. పాప సంజాయిషీ చెప్పుకోవాలి. ఈలోగా పెద్ద డాక్టరు ఒక మాట ఖాయం చేశాడు. ఇళ్లకు వెళ్లేవాళ్లంతా తలా ఒక డిజిటల్ డైరీ కొనుక్కోవాలి. టైములు అందులోనే ఉండాలి, ఇంట్లోవాళ్ల నోట్లో కాదు. నోట్లో కాదు అన్నది ఆయన అన్నాడో, పాపే కలిపిందో, తల్లి అడగలేదు.

ఇవాళ పాప ఆ యంత్రం కొనడానికే బయల్దేరింది. తల్లీ చెప్పులు వేసుకుంది.

“నువ్వెందుకు?”

“ఊరికే. ఇంట్లో కూర్చుంటే ఒళ్లు పట్టేస్తోంది.”

పాప రమ్మనలేదు, వద్దనలేదు. బస్సులో పక్కన ఖాళీ ఉన్నా నిలబడే ఉంది. తల్లి ఆ ఖాళీ సీటు మీద సంచి పెట్టి, ఎవరైనా అడిగితే మా అమ్మాయి కూర్చుంటుంది అని చెప్పింది. దిగేదాకా సంచే కూర్చుంది.

ఆ వీధి నిండా రేడియోలూ, గడియారాలూ, కాలిక్యులేటర్లూ అమ్మే కొట్లే. ఒక కొట్లో అద్దాల బల్ల వెనకాల బట్టతల మనిషి కూర్చుని ఉన్నాడు. బేరం తగిలిన సంతోషంలో మూడు యంత్రాలు గుడ్డ మీద వరసగా పేర్చాడు. ఒకటి కళ్లజోడు డబ్బాలా తెరుచుకునేది, లోపల మినపగింజలంత మీటలు. రెండోది ఇటుకలా బండగా, బూడిదరంగులో, మీటలు కాస్త పెద్దవి. మూడోది అన్నిటికంటే అందమైనది. దానికి మీటలే లేవు, అద్దం మీద పుల్లతో రాయాలి.

“ఇప్పుడంతా ఇదేనమ్మా,” అని పుల్లదాన్ని ముందుకు తోశాడు. “డాక్టర్లూ లాయర్లూ దీన్నే పట్టుకెళ్తున్నారు. జేబులోంచి తీస్తే ఎదుటివాడు నోరు మూసుకోవాలి.”

ఎదుటివాళ్ల నోరు మూయించడం తన పని కాదని, వాళ్లను లేపి నిలబెట్టడమే తన పని అని పాప అంది. అని, ఆ మూడింటినీ ఒక్కొక్కటిగా ఎడమ చేత్తో పట్టుకుని బొటనవేలొక్కదాంతో నొక్కి చూసింది. కుడి చెయ్యి గాల్లో వంచి, ఎవరినో నడుం చుట్టూ పట్టుకున్నట్టు ఉంచింది. కొట్టాయనకు అర్థం కాలేదు. తల్లికి అర్థమైంది. పేషెంటును పట్టుకున్న చెయ్యి వదలకుండా రెండో చేత్తో వాడగలగాలి. పుల్లదానికి రెండు చేతులూ కావాలి. కళ్లజోడు డబ్బాకు తెరవడానికే రెండు చేతులూ కావాలి. మందునూనె అంటిన వేళ్లకు మినపగింజలు దొరకవు.

కూతురి కుడి చెయ్యి అలా గాల్లో ఎవరూ లేకుండా వంగి ఉండడం తల్లి చూసింది. ఆ చేతి కిందికి వెళ్లి నిలబడాలనిపించింది.

“ఇందులో పెట్టినవి ఎక్కడికి పోతాయండీ?” అని అడిగింది కొట్టాయన్ని.

“ఎక్కడికీ పోవమ్మా. బ్యాటరీ ఉన్నంతకాలం అందులోనే ఉంటాయి.”

“అయిపోతే?”

“లోపల రెండుంటాయి. ఒకటి అయిపోతే రెండోది కాస్తుంది. రెండూ ఒకేసారి తీయకూడదు. తీశారా, ఇక పుట్టినప్పుడు ఎలా ఉందో అలా అయిపోతుంది.”

“అన్నీనా?”

“అన్నీ.”

తల్లి పాప వంక చూసింది. విన్నావా అన్నట్టు. పాప వినలేదన్నట్టు బండదాన్ని తిప్పి చూస్తోంది. అలారం ఎలా ఉంటుందని అడిగింది. అతను నొక్కాడు. అది కీచుమంది. ఆ చప్పుడుకి పక్కనున్న ముసలాయన ఉలిక్కిపడ్డాడు. ఇలా మోగితే మొదటిసారి నిలబడుతున్న మనిషి అక్కడికక్కడే కూలబడతాడని, చప్పుడు లేకుండా కుదరదా అని పాప అడిగింది. చప్పుడు తీసేసి వట్టినే వణికేలా పెట్టుకోవచ్చని అతను చూపించాడు. బల్ల మీద పెడితే అది పురుగులా గిరగిరా కొట్టుకుంది.

“ఇంకోటుందమ్మా దీంట్లో. ముందస్తు అలారం. ఐదింటికి పనుంటే అరగంట ముందే లేపుతుంది. నూటికి తొంభై మంది అదే పెట్టుకుంటారు. మరీ టైముకి మోగితే ఎవడు చేరతాడు?”

తల్లి ముఖం విప్పారింది. చాలా రోజుల తర్వాత ఆమె గొంతులో పాత చనువు పలికింది.

“మరి నేను చేసిందీ అదేగా, పాపా?”

పాప యంత్రాన్ని బల్ల మీద పెట్టింది. నెమ్మదిగానే అంది.

“ఇది అరగంట ముందు పిలుస్తుందమ్మా. టైము మాత్రం ఐదనే చెప్తుంది.”

కొట్టాయన ఏదో సొంత గొడవలో తలదూర్చినట్టు గ్రహించి, బిల్లు పుస్తకం కోసం కిందికి వంగాడు. లేచాక, వాతావరణం తేలికపరుద్దామని కాబోలు, దీనికి రహస్య నంబరు కూడా పెట్టుకోవచ్చు, ఇంట్లోవాళ్లు కూడా తెరవలేరు అన్నాడు. తల్లి పక్కకు తిరిగి గోడ గడియారాలను చూసింది. ఒక్కొక్కటీ ఒక్కో టైము చూపిస్తోంది. అన్నిటినీ ఓపిగ్గా చూసింది.

పాప బండదాన్నే తీసుకుంది. కొట్టులోంచి అటే క్లినిక్కుకి వెళ్తానంది. “నువ్వు ఎక్కాల్సిన బస్సు అదుగో,” అని చూపించింది. జాగ్రత్తగా వెళ్లమని అనలేదు. ఆ మాట ఎప్పుడూ తల్లే అనేది. ఇవాళ ఆమె కూడా మర్చిపోయింది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం వాలుతోంది. ఇల్లు బోసిగా ఉంది. ఎప్పుడూ ఉండే కుర్చీలే, ఎప్పుడూ ఉండే గోడలే. అయినా ఎవరో సామాను ఎత్తుకెళ్లినట్టుంది. తల్లి ఫోను పక్కన కూర్చుంది. కూర్చోకూడదని లేచింది. వంటగదిలో గిన్నెలు ఇటునుంచి అటు సర్దింది. అది మోగదు. మోగినా ఎత్తకూడదు. ఆ రెండింటిలో ఏది ఎక్కువ కష్టమో ఆమె తేల్చుకోలేకపోయింది.

మోగింది.

ఒకటి, రెండు, మూడు మోతలు ఓర్చుకుంది. పాపకే ఏదైనా అయిందేమో. బస్సు దిగుతూ పడిందేమో. ఎవరో మంచివాళ్లు ఈ నంబరు చూసి చేస్తున్నారేమో. ఇక ఆగలేకపోయింది.

“నేనేనండీ. పొద్దున్న కూడా చేశాను, ఎవరూ తీయలేదు.”

రైలు మాస్టారి భార్య. ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు గానీ, నెలల తరబడి రోజూ మాట్లాడుకున్నవాళ్లు. టైము చెప్పడం నిమిషంలో అయిపోయేది. తర్వాత ఆవిడ ఊరికే ఫోను పట్టుకుని ఉండేది. ఈమె కూడా పెట్టేసేది కాదు.

తల్లి కుర్చీ దగ్గరికి లాక్కుంది. “ఆయన...”

“ఉన్నారండీ. ఆస్పత్రిలో ఉన్నారు. కొడుకు దగ్గరున్నాడు. నన్ను ఇంటికి పోయి కాసేపు పడుకోమన్నాడు. నిద్ర పట్టక మీకు చేశాను.”

తర్వాత ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. ఏడవలేదు. సామాను లెక్క చెప్పినట్టు చెప్పుకుపోయింది.

ఆ రోజు ఆవిడ ఇంట్లో లేదు. ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి, బయట తాళం పెట్టి వెళ్లింది. ఐదుకి ముందు ఎవరూ రావద్దని చెప్పింది అందుకే. దూరమేమీ వెళ్లలేదు. వీధి చివర బస్సు షెల్టర్లో కూర్చుంది. వాన కురుస్తుంటే చూస్తూ కూర్చుంది. బస్సులు వచ్చాయి, పోయాయి. ఏదీ ఎక్కలేదు.

“ఎందుకు వెళ్లావంటే ఏం చెప్పనండీ. ఆ మంచం, ఆయన, నేను. ఎవరూ నన్ను పిలవకుండా కాసేపు కూర్చోవాలనిపించింది. అంతే.”

తల్లి ఫోనును ఇంకాస్త గట్టిగా చెవికి ఆనించుకుంది.

ఆవిడ తిరిగొచ్చి తాళం తీసేసరికి ఆయన కింద ఉన్నారు. పిలిచి పిలిచి, పలక్కపోతే లేచారట. అప్పటికింకా ఐదు కాలేదు. లేపడం చేతకాక పక్కనే కూర్చుంది. ఐదున్నరకి పాప వచ్చింది. ఎలా పడ్డారని అడిగింది. నోరు దానంతటదే ఆ పిల్ల మీదికి తోసేసింది. సాయంత్రం కొడుకు అడిగితే మళ్లీ అదే చెప్పింది. ఒకసారి చెప్పాక ఇక మార్చడానికి ధైర్యం చాల్లేదు.

“వాడు ఎప్పట్నుంచో అంటున్నాడండీ. నాన్నని చూసుకోవడం నీ వల్ల కావట్లేదు, నాన్న నా దగ్గరుంటాడు, నువ్వు అక్క దగ్గరికి పో అని. నేను తాళం పెట్టి వెళ్లానని తెలిస్తే ఇక అదే. ఇద్దర్నీ చెరో ఊళ్లో పెడతాడు.” ఆగింది. “విసుక్కుంటాను గానీ, ఆయన లేని ఇంట్లో నేను ఉండలేనండీ.”

తల్లి ఊఁ అంది.

“మీరు మీ అమ్మాయిని తిట్టే ఉంటారు. తిట్టకండి. దాని తప్పేం లేదు. ఈ మాట మాత్రం మీ కడుపులోనే పెట్టుకోండి. మీకు కాకపోతే నేనింకెవరికి చెప్పుకోను?”

“చెప్పను,” అనేసింది తల్లి.

ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకు తర్వాత కూడా తెలియలేదు. చాలా రోజులుగా ఎవరూ ఆమెను ఏదీ దాచమని అడగలేదు. బహుశా అందుకే.

ఫోను పెట్టాక మొదట కలిగింది సంతోషం. తన వల్ల కాదు. పాప వల్ల కాదు. ఆ అరగంట వల్ల ఏమీ కాలేదు. గ్లాసెడు నీళ్లు నిలబడే తాగింది. పాప వచ్చే దారిలో ఎదురెళ్లి చెప్పేద్దామని గుమ్మందాకా వచ్చింది. గుమ్మంలో ఆగిపోయింది.

చెబితే పాప రేపు పెద్ద డాక్టరు ముందు చెబుతుంది. చెప్పక ఏం చేస్తుంది? అక్కడే కొడుకు ఉంటాడు. చెప్పకపోతే పాప చెయ్యని తప్పు నెత్తిన వేసుకుని వస్తుంది. ఇన్నాళ్లూ జరగనివన్నీ ఊహించుకుని ఆమె నోరు ఊరుకునేది కాదు. ఇవాళ జరిగింది తెలిసి, పెదవి కదల్చలేని స్థితి వచ్చింది.

పాప దీపాలు పెట్టే వేళకే వచ్చింది. కంచం కిటికీ దగ్గరికి పట్టుకెళ్లలేదు. బల్ల దగ్గరే కూర్చుంది. తిన్నాక ఆ బండ యంత్రం తీసి ముందు పెట్టుకుని, కాసేపు మీటలు నొక్కి, తలెత్తకుండా అడిగింది.

“అమ్మా, నంబర్లు కావాలి. పేషెంట్లవి. నీకు తప్ప ఎవరికీ తెలియవు.”

తల్లి ఎదురుగా కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టింది. కళ్లు మూసుకుంటే ఒక్కొక్కటీ వాళ్ల గొంతుతోపాటు వచ్చింది. పాఠాలు చెప్పే పంతులమ్మది చెప్పి, ఆవిడకి ఎడమ చెవి వినబడదు, గట్టిగా పిలవాలి అంది. టైలరుది చెప్పి, బెల్లు పాడైంది, వెనక తలుపు కొట్టాలి అంది. బ్యాంకాయనది చెప్పి, కుక్కను కట్టేయమని ముందే చెప్పాలి అంది.

“అవన్నీ పట్టవమ్మా ఇందులో. పేరు, నంబరు, అంతే.”

“అయితే కుక్క?”

పాప పెదవి చివర ఏదో కదిలింది. “కుక్కని నేను గుర్తుపెట్టుకుంటాలే,” అంది.

ఒక్కో నంబరూ చెబుతుంటే అది తన లోపలినుంచి ఊడి ఆ డబ్బాలోకి వెళ్లిపోతున్నట్టు తల్లికి అనిపించింది. అయినా చెబుతూనే ఉంది. ఎందుకంటే చెబుతున్నంతసేపూ పాప ఎదురుగా ఉంది. అయిపోతే లేచి వెళ్తుంది. నంబర్లను మెల్లగా, అంకెకీ అంకెకీ ఎడం ఇచ్చి చెప్పింది.

“ఇంకెవరు?”

“రైలు మాస్టారు.”

పాప బొటనవేలు ఆగింది. “వాళ్లది వద్దు. రేపట్నుంచి ఆ ఇల్లు నాది కాదు.”

తర్వాత తనే చెప్పింది, తల్లి అడగకుండానే. ఆలస్యంగా వెళ్లానని ఒప్పుకుంటుందట. ఎందుకు ఆలస్యమైందో మాత్రం చెప్పదట. మా అమ్మ టైము జరుపుతుంది, నేను కలుపుకుంటాను అని ఏం చెబుతుంది, నవ్వుతారు. ఇళ్లకు పంపడం మానేసి లోపల కూర్చోబెడతారేమో. అసలు వద్దంటారేమో. “అదే జరిగితే ఇది కొన్నది దండగే,” అని యంత్రాన్ని బల్ల మీదే కాస్త పక్కకు తోసింది.

ఇక తల్లి నోరు ఆగలేదు.

“ఆయన ఐదు కాకముందే పడ్డారు పాపా.”

పాప తలెత్తింది.

“నువ్వు టైముకి వెళ్లినా కిందే ఉండేవారు. ముందే పడ్డారు. నీ తప్పు కాదు.”

“ఎవరు చెప్పారు?”

గోడ మీద ట్యూబ్‌లైటు సన్నగా రొద పెడుతోంది. తల్లికి వానలో ఒక బస్సు షెల్టరు కనబడింది. ముఖం తెలియని మనిషి ఒకావిడ అక్కడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

“ఎవరు చెప్పారమ్మా?”

“నాకు తెలుసు,” అంది తల్లి.

పాప ఆమె ముఖంలోకి చూసింది. ఇక అరుస్తుంది, లేచి మెత్తగా తలుపు వేసుకుంటుంది అనుకుంది తల్లి. పాప లేచిన మాట నిజమే. బల్ల చుట్టూ తిరిగి వచ్చి వెనక నిలబడి, తల్లి భుజం మీద చెయ్యి వేసింది. మనుషుల్ని లేపి నిలబెట్టే చెయ్యి అది, బరువుగా, వెచ్చగా ఉంది.

“ఇదీ అరగంట ముందుకి జరిపేశావా అమ్మా?”

ఆ గొంతులో కోపం లేదు. ఇన్నాళ్లకు మొదటిసారి పాత పాప గొంతు. నవ్వుకీ ఏడుపుకీ మధ్య ఎక్కడో తడిసి ఉంది.

“నువ్వు మారవు. నా కోసం ఎన్నయినా చెప్తావు,” అంది. “ఫర్వాలేదులే. నాకు కలుపుకోవడం వచ్చుగా.”

పేరు తల్లి నాలుక చివరే ఉంది. ఒక్క పేరు. అది చెబితే పాప నమ్ముతుంది. నమ్మిన మరుక్షణం ఈ చెయ్యి భుజం మీంచి లేచి ఫోను దగ్గరికి వెళ్తుంది, అవతల ఒకావిడ నిద్ర పట్టక మేలుకునే ఉంటుంది.

చెయ్యి ఇంకా భుజం మీదే ఉంది. తల్లి కదల్లేదు. కదిలితే తీసేస్తుందేమోనని.